పై బాణం మీటకు టేపు

1986 మార్చి 21. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, టైలర్ పట్టణం. క్యాన్సర్ ఆసుపత్రిలో ఒకాయన బల్లమీద బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు మీద కణితి తీసేసిన చోట రేడియేషన్ పెట్టించుకోవడం అది తొమ్మిదోసారి. బయట ఆపరేటరు చకచకా వివరాలు టైప్ చేస్తోంది. ఎలక్ట్రాన్ కిరణానికి ‘ఇ’ కొట్టాల్సిన చోట అలవాటుకొద్దీ ఎక్స్‌రేకి వాడే ‘ఎక్స్’ పడింది. వెంటనే చూసుకుంది. పై బాణం మీటతో వెనక్కి వెళ్లి అక్షరం మార్చి, మిగతా గడులు ఎంటర్ కొడుతూ దాటేసింది. కిరణం వదిలింది.

తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చింది. అంటే ఏమిటో ఆపరేటరు పుస్తకంలో లేదు. డోసు చాలా తక్కువ పడిందని మాత్రం చూపిస్తోంది. ఆ మెషీన్ అలా ఆగడం మామూలే. ‘పి’ నొక్కితే మళ్లీ నడిచేది. నొక్కింది.

లోపల ఆయనకు అప్పటికే వీపులో షాకు కొట్టినట్టయింది. లేవబోతుంటే రెండో దెబ్బ చేతికి తగిలింది. ఆ రోజు వీడియో తెరకు ప్లగ్గు పెట్టలేదు, ఇంటర్‌కమ్ పనిచేయడం లేదు. తలుపు దబదబా బాదితేగానీ ఆమెకు తెలియలేదు. పడాల్సింది 180 రాడ్‌లు (రాడ్ అంటే రేడియేషన్ కొలత). ఒక చిన్న చోట 16,500 నుంచి 25,000 దాకా పడి ఉంటాయని తర్వాత అంచనా వేశారు. ఐదు నెలలకు ఆయన చనిపోయాడు.

ఆ మెషీన్ పేరు థెరాక్-25. చేసింది కెనడా ప్రభుత్వ సంస్థ అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా. మొదట్లో చికిత్స గదిలో అమర్చిన వివరాలన్నీ బయట మళ్లీ టైప్ చేయాల్సి వచ్చేది. ఆలస్యమవుతోందని ఆపరేటర్లు గోలపెడితే, ఎంటర్ కొడితే చాలు అన్నట్టు మార్చారు. పని సులువైంది. కానీ లోపలి అయస్కాంతాలు సర్దుకోవడానికి దాదాపు 8 సెకన్లు పట్టేవి. ఆలోపు దిద్దుబాటు ముగిస్తే ప్రోగ్రాం దాన్ని గమనించేది కాదు. ఎక్స్‌రే కోసం సిద్ధమైన బలమైన కిరణం అడ్డేమీ లేకుండా నేరుగా మనిషి మీద పడేది. నింపాదిగా టైప్ చేసేవాళ్లకు ఈ లోపం ఎదురయ్యేది కాదు. పని బాగా వచ్చిన చేతికే ఎదురయ్యేది.

కంపెనీ ఇంజినీర్లు వచ్చి చూశారు, తప్పేమీ దొరకలేదు. ఏప్రిల్ 7న మెషీన్ మళ్లీ మొదలైంది. 11న ఇంకో రోగికి అదే ఆపరేటరు, అదే 54. ఆ రోగి మూడు వారాల్లో పోయాడు. ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్ వదల్లేదు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పదేపదే ప్రయత్నించి, వేగంగా టైప్ చేస్తేనే 54 వస్తోందని పట్టుకున్నాడు.

కంపెనీ చెప్పిన మొదటి మందు ఏమిటంటే, పై బాణం మీట పీకేసి, దాని కింది స్విచ్‌కు టేపు వేయమని! తప్పు దిద్దుకునే దారికే తలుపేశారన్నమాట. అది చాలదంది అమెరికాలో వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ. 1985, 87 మధ్య మొత్తం ఆరుగురు ఈ మెషీన్ వల్ల అధిక డోసుకు గురయ్యాక, సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా కిరణాన్ని ఆపే ఏర్పాటు వచ్చింది.

అంతకుముందు మోడల్ థెరాక్-20లో అలాంటి ఏర్పాటు ముందే ఉంది. షికాగో విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థులు దాని మీద చేయి పెట్టినప్పుడల్లా ఫ్యూజులు ఎగిరిపోయేవి. ఎందుకో తెలిసేది కాదు. టైలర్ సంగతి విన్నాక వెతికితే, అందులోనూ అదే లోపం బయటపడింది. అక్కడ ఫ్యూజులే పోయాయి, మనుషులు పోలేదు.