గొంగడి, చెప్పులు, జొన్నరొట్టె

నిరాడంబరంగా బతకడం ఎలాగో చెప్పే పుస్తకాలు ఈమధ్య మా ఇంట్లో నాలుగైదు చేరాయి. వాటిని పెట్టుకోవడానికి అలమరలో చోటు లేదని నేను గొణుగుతుంటే మావారు నవ్వి ఊరుకున్నారు. అయినా వాటిల్లో చెప్పేది కొత్తదేం కాదు. తక్కువ బట్టలు కొనండి, ముతక ధాన్యం తినండి, ఒక వస్తువుని పది పనులకు వాడుకోండి అని. చదువుతుంటే నాకు మా నల్గొండ, పాలమూరు పల్లెలే గుర్తొచ్చాయి. ఈ సూత్రాలన్నీ అక్కడ ఎవరూ చెప్పకుండానే నడిచాయి. ఎందుకు నడిచాయన్నదే అసలు సంగతి.

బి.ఏ.లో చరిత్ర చదివాను గానీ, ఏ రాజు ఏ సంవత్సరంలో గద్దెనెక్కాడో తప్ప, ఆ రాజ్యంలో జనం ఏం తిన్నారో ఏం కట్టుకున్నారో మాకెవరూ చెప్పలేదు. తర్వాత సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చేతికొచ్చింది. ఆయన పాలమూరు జిల్లావారే. 1926లో గోలకొండ పత్రిక పెట్టి నిజాం రాజ్యంలో తెలుగుకి దిక్కయిన మనిషి. 1949లో వచ్చిన ఆ పుస్తకంలో కావ్యాల్ని జల్లెడపట్టి తిండీ, బట్టా, ఆటలూ, నమ్మకాలూ ఏరి పోశారు. 1955లో తెలుగుకి వచ్చిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి దానికే. అది చూడడానికి ఆయన లేరు, 1953లోనే పోయారు. చెంబూ, చెప్పూ, రొట్టె కూడా చరిత్రేనని నాకు ధైర్యమిచ్చింది ఆ పుస్తకమే.

గొంగడినే తీసుకోండి. గొర్రె బొచ్చు కత్తిరించి, ఆడవాళ్ళు నూలు వడికితే, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తారు. వానొస్తే అదే గొడుగు, చలికి అదే దుప్పటి, పొలం గట్టున అదే పరుపు, పసిబిడ్డకి అదే పొత్తిలి. ఒక వస్తువుతో పది పనులంటే ఇంతకంటే ఏం కావాలి? కానీ దాన్ని భుజాన వేసుకున్న మనిషి సిద్ధాంతం కోసం వేసుకోలేదు, రెండోది కొనే దారి లేక వేసుకున్నాడు. తెలంగాణ రైతాంగ పోరాటం అనగానే గొంగడీ, చేతిలో గుత్పా ఉన్న మనిషి బొమ్మ మన కళ్ళముందు నిలబడడం ఊరికే జరగలేదు.

ఇక చెప్పుల సంగతి. దొర గడి ముందునుంచి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి ఊరికే బట్టలుతకాలి, మాదిగ ఊరికే చెప్పులు కుట్టాలి. తను కుట్టిన చెప్పు గడి వీధిలో తన కాలికే తొడుక్కోకూడదన్న మాట! ఇదీ ఒక ‘చిన్న అలవాటే’. తాతలనాటినుంచీ పిల్లలకి నేర్పుతూ వచ్చిన అలవాటు.

అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉండిన పాలకుర్తిలో చాకలి ఐలమ్మ 1940లలో ఎదురు తిరిగింది పెద్ద సంపద కోసం కాదు. నాలుగెకరాల కౌలు పొలంలో పండిన గింజ తన ఇంటికి రావాలని. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం వాళ్ళు అడ్డు నిలిచి ధాన్యం ఆమె ఇల్లు చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకి నేలకొరిగాడు. ఆ తర్వాతిదంతా మీకు తెలిసిందే. తక్కువతో బతకడం ఎంత గొప్పో ఆ రోజుల్లో ఐలమ్మకి చెప్పబోతే ఏమనేదో నేను ఊహించుకోగలను, పత్రికలో రాయలేను!

అలాంటి నేలమీదికి 1951 ఏప్రిల్‌లో నిజంగానే అతి తక్కువతో బతికే మనిషొకాయన నడిచి వచ్చాడు. వినోబా భావే. అంతకుముందు పౌనార్ ఆశ్రమంలో డబ్బు ముట్టకుండా, తమ చేతులతో పండించుకుని బతికే ప్రయోగం చేస్తున్నారు. అక్కణ్ణించి దాదాపు 300 మైళ్ళు నడిచి హైదరాబాదు పక్కన శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అది అయ్యాక రైలెక్కి వెళ్ళిపోకుండా, రక్తం ఇంకా ఆరని ఊళ్ళలోకి కాలినడకనే బయల్దేరారు. తెల్లవారకముందే నడక మొదలు. పొట్టలో పుండు, అందుకని పాలూ పెరుగూ లాంటి కొద్దిపాటి ఆహారం.

ఏప్రిల్ 18న పోచంపల్లి. 40 హరిజన కుటుంబాలవాళ్ళు వచ్చి, మాకు 80 ఎకరాలు కావాలి, 40 మెట్ట, 40 తరి అన్నారు. లెక్క చూశారా, ఇంటికి రెండెకరాలు. అంతకుమించి అడగలేదు. సర్కారు ఇచ్చేలోగా ఇక్కడెవరైనా ఇస్తారా అని వినోబా సభలో అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. భూదానం పుట్టింది అలాగే. తర్వాత దేశమంతటా రాసిచ్చిన భూముల్లో సాగుకి పనికిరానివీ, తగాదాల్లో ఉన్నవీ, కాగితం దాటి రానివీ ఎన్నో ఉన్నాయి, అది దాచేది కాదు. కానీ నాకు ఆ రోజు నచ్చేది వేరే. పెరుగుతో కడుపు నింపుకునే ఆయన, ‘మీరూ నాలాగా కోరికలు తగ్గించుకోండి’ అని ఆ 40 కుటుంబాలకి చెప్పలేదు. ఎన్నెకరాలు కావాలి అని అడిగారు. తక్కువతో బతకడం ఆయన ఎంచుకున్నది, వాళ్ళు ఎంచుకోనిది. ఆ తేడా ఆయనకి తెలుసు.

మా అలమరలోని పుస్తకాలకి తెలియనిది మరొకటుంది. సాదా తిండి వెనక ఆడదాని చెయ్యి. తెల్లారుజామున విసుర్రాయి తిప్పి, పిండిని వేడినీళ్ళతో పిసికి, అరచేత్తో తట్టి, పెనంమీద వేసి తడి అద్ది, పొగలో కళ్ళు నలుపుకుంటూ ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసి చూడండి. తినేవాడికి అది నిరాడంబరం. చేసేదానికి ఒక పూట వెట్టి.

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక మెట్ట ఊళ్ళలోకి రోజూ అన్నం వచ్చింది. పండుగనాటి తిండి మామూలు తిండయింది. జొన్నలు వెనక్కి పోయాయి. ఇప్పుడేమో చక్కెర జబ్బుకి డాక్టర్లు జొన్నరొట్టె రాస్తున్నారు, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది, పట్నంలో రొట్టెల బండి దగ్గర కార్లు ఆగుతున్నాయి.

నారాయణపేట వైపు మా చుట్టాల ఊళ్ళో ఒక అవ్వ ఉంది. ఆమెకీ చక్కెర జబ్బే. “డాక్టరు రొట్టె తినమన్నాడు కదా అవ్వా, తినరాదూ?” అన్నాను.

“చిన్నప్పుడు బియ్యం బువ్వ సూడాల్నంటే పండుగ రావాలె బిడ్డా. గిప్పుడు ఇంట్ల సంచినిండ బియ్యముంటే, మల్ల రొట్టె తినుమంటడా? ఆయన్నే తినుమను.”

కోడలు తట్టిపెట్టిన రెండు రొట్టెలూ నా కంచంలో వేసేసి, తన కంచంలో వేడి అన్నం పెట్టుకుని పచ్చిపులుసు పోసుకుంది.