రాబర్ట్: ఈ పేరు ఎక్కడిది? అర్థమేమిటి?

బిడ్డకు పేరు పెట్టించుకోవడానికి వచ్చే తలిదండ్రులు, "అయ్యగారూ, రాబర్ట్ బైబిలు పేరేనా?" అని అడుగుతుంటారు. కాదు. ఆదికాండము మొదలు ప్రకటన గ్రంథం వరకు ఆ పేరు ఎక్కడా కనబడదు.

అది ప్రాచీన జెర్మానిక్ భాషల నుండి వచ్చిన పేరు. అందులో రెండు మాటలున్నాయి. 'హ్రోద్' అంటే కీర్తి, 'బెర్హ్ట్' అంటే ప్రకాశించేది. రెండూ కలిపితే మన కీర్తిప్రకాశ్ లాంటి పేరన్నమాట. ఆల్బర్ట్, హెర్బర్ట్, గిల్బర్ట్ అనే పేర్ల చివరనున్నదీ ఈ ప్రకాశమే. రాబిన్, బాబ్ అనేవి రాబర్ట్‌కు ముద్దుపేర్లు. 1066లో నార్మనులు ఇంగ్లాండును జయించాక ఈ పేరు అక్కడ బాగా వాడుకలోకి వచ్చింది. వారి నాయకుడైన విలియం తండ్రి పేరు కూడా రాబర్టే.

తోట్లవల్లూరు మొదలు దివిసీమ వరకు మన సంఘాలకు ఈ పేరు వినగానే గుర్తుకు రావలసినవారు రాబర్ట్ నోబుల్ దొరగారు. చర్చి మిషనరీ సొసైటీ పంపగా 1841లో హెన్రీ ఫాక్స్ దొరగారితో కలిసి బందరుకు వచ్చారు. 1843లో పాఠశాల తెరిచారు. అదే నేటి నోబుల్ కళాశాల. ఆయన వివాహం చేసుకోలేదు. 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించారు.

ఆయన విద్యార్థులలో మంచాల రత్నం, అయినాల భూషణం 1852లో బాప్తిస్మం పొందారు. తరువాత సేవకులయ్యారు. అయినా వారు రాబర్టులుగానో హెన్రీలుగానో మారలేదు. కడవరకు రత్నంగారు, భూషణంగారే.

క్రొత్త నిబంధనలోనూ ఇదే చూస్తాం. ఎపఫ్రొదితు అనే పేరు అఫ్రొదితె అనే గ్రీకు దేవత పేరునుండి వచ్చింది. పౌలు ఆ పేరు మార్చమనలేదు. ఫిలిప్పీ పత్రికలో అదే పేరుతో పిలిచి, తన సహోదరుడనీ జతపనివాడనీ చెప్పాడు.

కనుక తలిదండ్రులారా, రాబర్ట్ అని సంతోషంగా పెట్టుకోండి. అయితే ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన అది క్రైస్తవ పేరు కాదు. తెలుగులో ఉన్నందున తాతగారి పేరు తక్కువదీ కాదు. సామెతలు 22వ అధ్యాయం మొదటి వచనం గొప్పదని చెప్పే మంచి పేరు నామకరణం నాడు పెట్టేది కాదు, నడతవల్ల వచ్చేది. ఆ పేరు కోసం బిడ్డతో కలిసి రోజూ ప్రార్థించండి.