రేవునడిగి బయల్దేరిన రోజులు

కోనసీమకు ఒకప్పుడు రెండు పటాలుండేవి. కాలవలు నిండుగా పారే నెలలకు ఒకటి, కాలవలు కట్టేసిన నెలలకు ఇంకొకటి. మా పెద్దవాళ్ళు ఏ ఊరి ప్రయాణం తలపెట్టినా ముందు చూసుకునేది ఇప్పుడు ఏ పటం నడుస్తోందన్నదే. తొలకరికి నీళ్ళు వదిలింది మొదలు ఎండలు ముదిరేదాకా పడవ. వేసవిలో మరమ్మతులకు నీళ్ళు ఆపేశాక ఎడ్లబండి. వానల్లో బండి కడితే చక్రాలు ఇరుసు దాకా బురదలో దిగిపోయేవి. వేసవిలో పడవ ఎక్కుదామంటే అది ఎండిన కాలవ గట్టున బోర్లా పడుకుని ఉండేది. అందుకే వైశాఖంలో పెళ్ళికి తరలివెళ్ళిన దారి, శ్రావణంలో నోముకు వెళ్ళిన దారి, ఊరొకటే అయినా, వేరువేరు.

నేను రాజోలు తాలూకాలో పుట్టాను. అక్కడి బళ్ళలోనే సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వాస్కోడిగామా వచ్చిన దారి బోర్డు మీద గీసిన రోజునే, మీ తాతలు ఇక్కణ్ణించి రాజమండ్రి ఏ దారిన వెళ్ళేవారో ఇంట్లో అడిగి గీసుకురండి అని పిల్లలకు పని పెట్టేదాన్ని. వాళ్ళు తెచ్చిన పటాల్లో రోడ్లు తక్కువ, రేవులు ఎక్కువ. ప్రతి రేవు పక్కనా ఎవరో ఒకరి పేరు రాసి ఉండేది: ఇక్కడ ఫలానా వాళ్ళ బండి వస్తుంది, అక్కడ ఫలానా వాళ్ళింట్లో పడుకోవాలి అని. ఆ పేర్లు చూస్తూ చూస్తూ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. కోనసీమలో ప్రయాణమంటే ఏ ఒక్కరో కూర్చుని వేసుకునే పథకం కాదు. బయల్దేరకముందే అది పదిమందిదీ అయ్యేది. లంకల్లో ఉన్నవాళ్ళకు అలా కాక గత్యంతరం లేదు. ఎక్కడికెళ్ళినా ఏటికవతల ఒక మనిషి మనకోసం నిలబడి ఉండాలి.

ధవళేశ్వరం దాటగానే గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. కిందికి వచ్చాక వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. కొత్తపేట, అమలాపురం ఉన్న నేలకు ఒకవైపు గౌతమి, ఒకవైపు వైనతేయ. రాజోలుకు ఒకవైపు వైనతేయ, ఒకవైపు వసిష్ఠ. దక్షిణాన సముద్రం. రాజోలు మనిషి కాకినాడ కచేరీకి వెళ్ళాలంటే రెండు పాయలు దాటాల్సి వచ్చేది. నర్సాపురంలో రైలెక్కాలన్నా ఒక పాయ దాటక తప్పదు.

1847లో మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట గురించి చెప్పేటప్పుడు మనం పంట గురించే చెబుతాం. ఆ కాలవలు మనుషుల్ని కదిలించాయన్న సంగతి కూడా అంత గట్టిగానూ చెప్పుకోవాలి. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన కాలవ లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమంతా పాకింది. రాజోలు వైపుకు నీరివ్వడానికి గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 ఖానాల అక్విడక్టు కట్టారు. లెఫ్టినెంట్ హేగ్ కట్టించిన ఆ వంతెన కింద నది నది దారిన పోతుంటే పైన కాలవ కాలవ దారిన సాగింది. నీళ్ళతోపాటు జనమూ దాటారు. ఇంజనీర్లు ఈ కాలవల్ని మొదటినుంచీ పడవల కోసం కూడా తవ్వారు. అందుకే అన్ని లాకులు. గోదావరి కాలవలు ఏలూరు దగ్గర కృష్ణా కాలవల్ని కలిశాయి, అవి కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హాం కాలవను అందుకున్నాయి. కాకినాడలో ఎక్కించిన సరుకు సముద్రం ముఖం చూడకుండా మద్రాసు చేరేది.

రాత్రి పడవ గురించి కాస్త నిదానంగా చెప్పాలని ఉంది. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ చదివినవాళ్ళకు ఆ పడవ కొంత తెలుసు. పొద్దు వాలేవేళకు జనం ఎక్కేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగేవారు. వేగం మనిషి నడకే. అయినా నిద్రలో సాగిపోయే దారి కాబట్టి ఎవరికీ దూరమనిపించేది కాదు. పులిహోర, దద్దోజనం మూటలు విప్పేది మొదటి లాకు దగ్గర. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసి, నీటిమట్టం సరిపడేదాకా ఆగి, ముందు తలుపులు తీయాలి. ఎగువ నుంచి వచ్చే పడవ, దిగువ నుంచి వెళ్ళే పడవ పక్కపక్కన నిలబడేది అక్కడే. ఆ కాసేపట్లో కబుర్లన్నీ చేతులు మారిపోయేవి.

“ఏ ఊరండీ మీది?”

“ముంగండండి.”

“అయితే మా బావగారికి చెప్పాలండి. ఎల్లుండి పొద్దుటి పడవకి మా పిల్లలు దిగుతారు, రేవుకి బండి పంపమని.”

“అలాగేనండి, ఇంటికెళ్ళి మరీ చెబుతాను.”

మొహం ఎరగని మనిషి. మాట మాత్రం చేరేది. మా నాన్నగారు ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా “చేరకపోవడమనేది ఉండేది కాదమ్మా” అనేవారు. పోస్టుకార్డులొచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు. కార్డు మీద రాసింది దారిలో ఎవరైనా చదవచ్చు, చదవాలి కూడా. ఏ తిథికి బయల్దేరుతున్నారు, ఏ రేవులో దిగుతారు, ఎంతమంది, పథ్యం తినే ముసలివాళ్ళున్నారా, చంటిపిల్లలున్నారా అన్నీ అందులోనే. పోస్టుమాను ఆ కార్డు ఇస్తూనే “మీ వాళ్ళు శుక్రవారం వస్తున్నారండి” అని చెప్పేవాడు.

బయల్దేరే రోజు పంచాంగం చూడటం అందరికీ తెలిసిందే. సోమ, శనివారాలు తూర్పుకు, గురువారం దక్షిణానికి శూల అని మా మేనత్త ఇప్పటికీ నోటికి చెబుతుంది. పంచాంగం ఒకటి చెప్పి, కాలవ ఇంకొకటి చెబితే? ముహూర్తం బుధవారం ఉంటుంది, పడవ శుక్రవారం గాని రాదు. అప్పుడు బుధవారం నాడు ఒక మూటో సంచో తీసుకెళ్ళి పొరుగింట్లో పెట్టి వచ్చేవారు. పరస్థానం పెట్టడమంటే అదే. ప్రయాణం శాస్త్రోక్తంగా మొదలైపోయినట్టే. శుక్రవారం ఆ ఇంటి మీదుగా వెళ్ళి మూట తీసుకుని సాగిపోవడం. దీన్ని చాదస్తమని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. మీరు వెళుతున్నారన్న సంగతి వీధికంతా తెలియడానికి, ఇల్లు చూసిపెట్టడానికి, ఆవుకు గడ్డేయడానికి, దారిలో ఉన్న చుట్టాలకు కబురు పంపడానికి ఆ మూట ఎంత పని చేసిందో ఆలోచించండి.

వీటన్నిటికంటే పాతది, పెద్దది సప్తసాగర యాత్ర. గోదావరి ఏడుగురు ఋషుల పేర ఏడు పాయలై సముద్రంలో కలిసిందని నమ్మకం: తుల్య, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వాసిష్ఠ. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ దగ్గర చొల్లంగిలో తుల్యభాగ స్నానంతో మొదలుపెట్టి, కోరంగిలో ఆత్రేయ, ఆ తర్వాత ఒక్కొక్క సంగమం చూసుకుంటూ, తీరం వెంబడి పడమటికి నడిచి, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో వసిష్ఠ సంగమం చేరుకోవాలి. ఆ భీష్మ ఏకాదశే అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం. బయల్దేరే తిథి, చేరాల్సిన తిథి రెండూ ముందే రాసిపెట్టి ఉన్నాయి. మధ్యలో ఉన్నది సుమారు పదకొండు రోజులు. వానలు వెనక్కి తగ్గి, నదులు సన్నగిల్లి, కోతలయి గాదెలు నిండి ఉండే కాలం. కాలినడకన పాయలు దాటేవాడికి ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఎక్కువగా సంతానం కోరేవాళ్ళు ఈ యాత్ర చేసేవారు. ఈ క్రమం పెట్టినవాళ్ళెవరో గాని, నదినీ, పంటనూ, పండగనూ ఒకే వరసలో అమర్చిన గొప్ప ప్రయాణ ప్రణాళిక ఇది. మన నేల మీద పుట్టిన ఇలాంటి దాన్ని బడిపిల్లలకు చెప్పకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

అంతర్వేది మాటొస్తే డొక్కా సీతమ్మగారిని తలచుకోకుండా ముందుకు పోలేను. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్నగారిని పెళ్ళాడి లంకల గన్నవరం వచ్చిందావిడ. అక్విడక్టు పుణ్యమా అని అటూ ఇటూ దాటే జనమంతా ఆ ఊరి మీదుగానే పోవాలి. వేళ కాని వేళ తలుపు తట్టినా, ఏ కులమని అడగకుండా అన్నం పెట్టింది. ఎప్పుడూ వంటింటితోనే సరిపోతోందని ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయల్దేరిందట. దారిలో ఆగినచోట ఒక పెళ్ళివారి గుంపు పిల్లల్ని ఊరడించడం వినబడింది: కాస్త ఓపిక పట్టండి, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం తినొచ్చు అని. ఆవిడ దర్శనం మానుకుని వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించిందని చెబుతారు. మా ప్రాంతంలో ఈ కథ తెలియని ఇల్లు లేదు. నాకు ఇందులో కనిపించే చరిత్ర ఏమిటంటే, ఆ పెళ్ళివారు తమ ప్రయాణం వేసుకున్నదే ఆవిడ పొయ్యి చూసుకుని. ఆవిడకు కబురే లేదు, అయినా లెక్కలో ఆవిడ ఉంది. 1909లో ఆవిడ కన్నుమూసింది. గన్నవరంలో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరు పెట్టారు. అది సరైన చోట పెట్టిన పేరు.

దూరప్రయాణాల సంగతి కొద్దిగా. కాశీకి పోవడం కాటికి పోవడంతో సమానమన్న రోజుల్లో, 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామి, దారిపొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు ఉత్తరాలు రాస్తూ వెళ్ళాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఆ ఉత్తరాలే. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద రైలు నడిచాక మా అగ్రహారాల వాళ్ళకు కాశీ భయం తగ్గింది. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలొచ్చింది. అమలాపురం వాళ్ళకు గౌతమి దాటితే చాలు, రైలు కూత వినబడేది. యుద్ధం పేరు చెప్పి 1940లో ఆ పట్టాలు పీకేశారు. మళ్ళీ వేసి రైలు నడిపింది 2004లో. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురం లైను 2000-01లో మంజూరైంది, ఇంకా పూర్తికాలేదు.

బస్సులు బలపడేకొద్దీ పడవలు సరుక్కే మిగిలాయి, తర్వాత సరుకూ లారీలెక్కింది. కానీ బస్సుకూ నది అడ్డమే. ఇవతల రేవు దాకా ఒక బస్సు, అవతల రేవు నుంచి ఇంకో బస్సు, మధ్యలో లాంచీ లేదా పంటు. ఏ ప్రయాణానికైనా అసలు ప్రశ్న ఒకటే: ఆఖరి పంటు ఎన్నింటికి? చీకటి పడ్డాక పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్ళు, పాముకరిచినవాళ్ళు రేవు గట్టున పడిన అవస్థలు మా ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే వంతెనలొచ్చి అందం పోయిందనేవాళ్ళతో నేను ఎన్నటికీ ఒప్పుకోను. దిండి–చించినాడ, బోడసకుర్రు–పాశర్లపూడి, యానాం–ఎదుర్లంక వంతెనలు మాకు రాత్రుల్ని తిరిగిచ్చాయి. యానాం–ఎదుర్లంక వంతెనకు లోక్‌సభ స్పీకరుగా ఉంటూ 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయిన మన జి.ఎం.సి. బాలయోగి పేరుంది. వంతెన అందరికీ రాలేదన్నది కూడా మరవకూడదు. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఉడిమూడిలంక లాంటి లంక గ్రామాల వాళ్ళు ఏటా వరదకు తాత్కాలిక గట్టు కొట్టుకుపోగానే మళ్ళీ పడవ మీద ఆధారపడాల్సిందే. వాళ్ళింట్లో పెళ్ళికి ముహూర్తం పెట్టాలంటే ఇవాళ్టికీ గోదావరిని అడగాలి.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి మా పిల్లలు ఇప్పటినుంచే ఫోన్లు: పెద్దమ్మా, కార్లో వస్తాం, ఎలా రమ్మంటావు? వాళ్ళు పంపిన దారిలో అన్నీ వంతెనలే. నేను మార్చి పంపిన దారి ఇది, వచ్చే మాఘంలోనే ఒకసారి చూసుకోమన్నాను. కాకినాడ నుంచి కోటిపల్లి రండి. సోమేశ్వరస్వామిని చూసుకుని, కారుతో సహా పంటెక్కి గౌతమి మీదుగా ముక్తేశ్వరం దిగండి. అయినవిల్లి వినాయకుడు పక్కనే. పొద్దున్నే అయితే అంబాజీపేటలో పొట్టిక్కలు తినండి, పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీ రుచి వేరు. గన్నవరం అక్విడక్టు దగ్గర దిగి, పాతదీ కొత్తదీ రెండూ పిల్లలకు చూపించండి. రాజోలులో మా ఇంట్లో భోజనం. ఎంతమందో, ఎవరికి పథ్యమో రెండు రోజుల ముందే చెప్పండి. మర్నాడు అంతర్వేది, అక్కణ్ణించి సఖినేటిపల్లి రేవులో పంటెక్కి వసిష్ఠ దాటితే నర్సాపురం. వరద ఉంటే పంట్లు ఆపేస్తారు, చీకటి పడినా నడపరు. కాబట్టి బయల్దేరే ముందు రేవుకు ఫోను చేసి కనుక్కోండి. నంబరు నేను కనుక్కుని పెడతాను.