పుట్టుకతోనే రెండు భాషలు

పుట్టిన నాటి నుంచి ఇంట్లో రెండు భాషలు వినే పసిబిడ్డకు రెండూ మాతృభాషలే. ఒకటి వచ్చాక రెండోది పట్టుబడటం కాదిది, రెండూ జంటగా వస్తాయి. హోసూరులోనో బళ్లారిలోనో పెరిగిన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. శాస్త్రం దీన్ని వివరంగా రాసి పెట్టడం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది.

ఆ పని మొదట చేసింది ఒక తండ్రి. ఫ్రెంచి భాషావేత్త జూల్ రోంజా భార్యది జర్మన్ భాష. 1908లో వాళ్లకు లూయీ పుట్టాడు. తండ్రి ఫ్రెంచిలోనే, తల్లి జర్మన్‌లోనే బిడ్డతో మాట్లాడమని సాటి భాషావేత్త మారిస్ గ్రామోన్ సలహా ఇచ్చాడు. ఈ నియమంతో లూయీ రెండు భాషలూ చక్కగా నేర్చాడని రోంజా 1913లో పుస్తకం రాశాడు. ‘ఒక మనిషి, ఒక భాష’ అన్న పద్ధతిని తల్లిదండ్రులు నేటికీ పాటిస్తున్నారు. అమెరికాలో వెర్నర్ లియొపోల్డ్ 1930లో పుట్టిన కూతురు హిల్డెగార్డ్ మాటలను రాసిపెట్టి, 1939–49 మధ్య నాలుగు సంపుటాలు వెలువరించాడు.

ఇంతలో భయం కూడా బయలుదేరింది. 1923లో వేల్స్ పిల్లల తెలివితేటలను పరీక్షించిన డి.జె.సేయర్, పల్లెల్లో రెండు భాషల పిల్లలు వెనకబడ్డారన్నాడు. పట్నం పిల్లల్లో ఆ తేడా కనబడలేదు. అంటే లోపం భాషలది కాదు, బతుకు పరిస్థితులది. అయినా రెండు భాషలు బుర్రను అయోమయం చేస్తాయన్న మాట దశాబ్దాలపాటు నిలిచింది. ఆ తప్పును దిద్దింది 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ చేసిన అధ్యయనం. సమాన ఆర్థిక స్థితిగల పదేళ్ల పిల్లలను పోల్చి చూస్తే రెండు భాషలవాళ్లే ముందున్నారు. ఒడిశాలో కోంద్ తెగ పిల్లలపై అజిత్ మొహంతి పరిశోధనలూ అదే దారిలో సాగాయి. ఒడియా ఒక్కటే వచ్చిన పిల్లలకంటే, తెలుగుకు దగ్గరి చుట్టమైన కుయి భాష కూడా వచ్చినవారు మెరుగ్గా రాణించారు.

రెండు భాషల మాటలు కలిపేసే పసివాడి తలలో ఉన్నది ఒకే భాషా వ్యవస్థా, రెండా? మొదట ఒకటేనని 1978లో వోల్టెరా, టెష్నర్ వాదించారు. 1989లో ఫ్రెడ్ జెనెసీ దాన్ని ఖండించాడు. ఎదుటి మనిషిని బట్టి భాష మార్చడం రెండేళ్ల పిల్లలకే తెలుసని తర్వాత అతని బృందం చూపింది. మాటలు కలపడం తికమక కాదు, ఒక భాషలో దొరకని మాటను రెండోదాన్నుంచి అందుకోవడం.

ఆ తర్వాత పరిశోధకులు మాటలు రాని బిడ్డల దగ్గరికి వెళ్లారు. గర్భిణిగా టగలాగ్, ఇంగ్లీషు రెండూ మాట్లాడిన తల్లుల శిశువులను 2010లో వాంకూవర్‌లో పరీక్షించారు. పుట్టిన కొద్ది రోజులకే ఆ శిశువులు రెండు భాషలపైనా ఆసక్తి చూపారు, రెంటినీ వేరుగా గుర్తించారు. నోట్లోని పీకను చప్పరించే తీరే ఆ సంగతి చెప్పింది.

మయామీలో బార్బరా పియర్సన్ బృందం 1993లో స్పానిష్, ఇంగ్లీషు పిల్లల మాటలు లెక్కించింది. ఒక్క భాషనే చూస్తే మాటలు తక్కువ కావచ్చు, రెండూ కలిపి చూస్తే ఒకే భాష పిల్లలకు తీసిపోలేదు.

‘ముందు ఇంగ్లీషు రానివ్వండి’ అని తెలుగును వాయిదా వేసే ప్రవాస తల్లిదండ్రులు ఇంకొక్కటి గమనించాలి. హిందీలోని ట, త శబ్దాల తేడాను ఇంగ్లీషు ఇళ్ల పిల్లలు ఆరేడు నెలలప్పుడు పసిగడతారు, ఏడాది నిండేసరికి పోగొట్టుకుంటారు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ దీన్ని 1984లోనే చూపారు. ఆ తేడా తెలుగులోనూ ఉంది. బిడ్డతో తెలుగులో మాట్లాడటం తొలి ఏడాదిలోనే మొదలుపెట్టండి.