కొండదారియు కొండయు

తిరుమల చరిత్రమును వ్రాసినవారు రాజుల దానములను, గోపురముల యందమును విరివిగా వర్ణించిరి. భక్తుల రాకచే ఆ కొండయడవి యేమయ్యెనో విచారించినవారు తక్కువ.

1944వ సంవత్సరమునకు ముందు కొండపైకి బండి పోవు బాట లేదు. అలిపిరినుండి 3,500లకు పైబడిన మెట్లెక్కియో, శ్రీవారిమెట్టు దారినో, ఎక్కజాలనివారు డోలీలలోనో పోవలసియుండెను. కాలినడకయే యాత్రికుల సంఖ్యకు హద్దు. ఆ యేట మొదటి ఘాటురోడ్డు, 1974లో రెండవది తెఱవబడినవి. ముసలివారికిని, రోగులకును ఇది మహోపకారము. బాటను నిందించుట మా యుద్దేశము గాదు. కాని ఇప్పుడు సామాన్యదినములందు సైతము అఱువది డెబ్బదివేలమంది కొండ యెక్కుచున్నారు.

వీరందఱకు నీరు కావలెను. కొండపై పెద్దనది లేదు. గోగర్భము, పాపవినాశనము, కుమారధార, పసుపుధారలయందు వాననీటిని నిలువజేసిరి. అదియు చాలక క్రిందనున్న కల్యాణి జలాశయమునుండి పైకి తోడుచున్నారు. పాపములను కడుగు తీర్థము కుళాయినీరై మరుగుదొడ్లకు బాఱుచున్నది!

విజయనగర ప్రభువుల కాలపు శాసనములను జూడుడు. దాత లిచ్చిన ధనమును ఆలయాధికారులు దేవుని గ్రామములలో చెఱువులు, కాలువలు త్రవ్వించుటకు వెచ్చించి, దానిచే పెరిగిన పంటనుండి దాత పేర నైవేద్యము జరిపించుచుండిరి. అనగా భక్తుని కానుక మొదట నేలను దడిపి, పిదప స్వామి సన్నిధికి వచ్చెడిది. నేటి యాత్రికుడు కొండకు విడిచిపోవున దేమి? ఎంగిలాకులు, కాగితములు, ప్లాస్టిక్కు సంచులు. ఈ చివరిదానిని 2022లో దేవస్థానమువారు నిషేధింపవలసివచ్చెను.

ఈ శేషాచల వనములు సామాన్యమైనవి గావు. ఎఱ్ఱచందనమునకు పుట్టినిల్లు, బంగారుబల్లి వసించు చోటు. 2010లో ప్రభుత్వమువారు దీనిని రక్షిత జీవావరణముగా ప్రకటించిరి. ఆ యడవి నడుమనే మెట్లదారి పోవుచున్నది. 2023 ఆగస్టులో ఆ దారిలో చిఱుతపులి యొక పసిబాలికను జంపెను. పిమ్మట నడచిపోవువారి చేతికి అధికారులు కఱ్ఱలనిచ్చిరి, జనులు నవ్విరి. మృగము దారికి ఏల వచ్చెనని యడిగినవారు కొందఱే. అంగడి యున్నచోట ఎంగిలి యుండును. ఎంగిలికి కుక్కలును, పందులును చేరును. వానికై చిఱుత పొంచియుండును. అడవి యంచున నున్న యూళ్లవారికి ఈ వరుస తెలియనిది గాదు. దారిలో జంతువులకు మేత వేయరాదనియు, అంగళ్లవారు వ్యర్థములను పాఱవేయరాదనియు ఆజ్ఞలు అప్పుడే పుట్టినవి. కోతికి అరటిపండు వేయుట పుణ్యమని నమ్మినవారు మాత్రము పండ్లసంచిని మఱవక తెచ్చుచునే యున్నారు.