ఊరు దాటిన పథ్యం

ఓరుగల్లుకు వచ్చిన బాటసారి ఒక్క రూకకు ఏం తినగలిగేవాడో ‘క్రీడాభిరామం’ చెబుతుంది. సువాసన బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు కూరలు, గడ్డ పెరుగు. వినుకొండ వల్లభరాయుడి పేరుతో నిలిచిన ఆ కావ్యంలో ఈ భోజనం దొరికేది పూటకూళ్ల ఇంట్లో. కడుపు సరిగా లేనివాడికి ఆ విస్తరిలో సగం పనికొచ్చేదే. అన్నం, పెసరకట్టు జ్వరం తగ్గినవాళ్లకు ఈనాటికీ పెడుతున్నారు. గోధుమ పడనివాడు పిండివంటను పక్కన పెట్టాలి, పాలు పడనివాడు పెరుగును. పూటకూళ్ల ఇల్లంటే వంటయిల్లు పక్కగదిలోనే. కారం తగ్గించమని అడగాలంటే నాలుగడుగులు వేస్తే చాలు. అయితే ఆ ఇంట్లోకి అన్ని కులాలవాళ్లకూ ప్రవేశం లేదన్నది మరిచిపోకూడదు.

దూరప్రయాణం చేసేవాళ్లు ఆ నాలుగడుగులు కూడా లేకుండా పొయ్యినే వెంట తీసుకెళ్లేవారు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పరివారంతో, డేరాలతో హైదరాబాదు, నిర్మల్ మీదుగా వెళ్లారు. ఏ మజిలీలో సామాను దొరుకుతుందో, ఎక్కడ నీళ్లున్నాయో ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో రాసుకుంటూ వెళ్లారు. ఏం తినాలన్నది మజిలీ మజిలీకీ తేలే ప్రయాణమది.

ఆ పద్ధతి ములుగు జిల్లా మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో ఇంకా బతికే ఉంది. రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజులు సాగే ఆ జాతరకు జనం బియ్యం, పప్పు, గిన్నెలు మోసుకొస్తారు. చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి వండుకుంటారు. పక్కన కోడికూర ఉడుకుతున్నా, ఇంటి ముసలమ్మకు వేరే గిన్నెలో మెత్తటి అన్నం, సల్ల పెట్టడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. పథ్యానికి ఇంతకన్నా అనువైన యాత్ర ఇంకోటి కనిపించదు.

రైలు ఈ లెక్క మార్చింది. నిజాం రైలుమార్గం సికింద్రాబాదు నుంచి 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. జనగామ, మహబూబాబాద్, డోర్నకల్ ఆ దారిలోనివే. ఇల్లెందు బొగ్గు కోసం 1888లో డోర్నకల్ నుంచి శాఖ వేశారు. ఎడ్లబండి మీద రోజుల తరబడి సాగిన దూరం గంటల్లోకి కుదిరాక, ఆగి వండుకునే తీరిక పోయింది. ప్లాట్‌ఫారం మీద దొరికేదే తిండి. బ్రిటిష్ కాలపు భారతీయ స్టేషన్లలో హిందువులకు, ముసల్మానులకు వేరే నీళ్లుండేవి. ఎవరి చేతి నీళ్లు తాగాలన్నదానికి ఏర్పాటుండేది, ఎవరి కడుపుకు ఏం పడుతుందన్నదానికి ఉండేది కాదు. ఆ పట్టింపు రైల్వేకు రావడానికి చాలా కాలం పట్టింది. 2022 నవంబరులోనే రైల్వే బోర్డు ఐఆర్‌సీటీసీకి తన మెనూను మార్చుకునే వీలిచ్చి, మధుమేహం ఉన్నవాళ్ల భోజనాన్నీ చిరుధాన్యాల వంటకాలనూ చేర్చుకోమంది.

ఈలోగా వైద్యం పథ్యానికి కొత్త వివరణలు ఇచ్చింది. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్ ఆకలితో అల్లాడింది. గోధుమ రొట్టె దొరకని ఆ రోజుల్లో సీలియాక్ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి వచ్చాక మళ్లీ జబ్బు పడటం డాక్టర్ విల్లెం డికె గమనించారు. గోధుమలోని గ్లూటెన్ ఈ పిల్లల పేగును దెబ్బతీస్తుందని తర్వాత తేలింది. పేగు చికాకుతో బాధపడేవాళ్ల కోసం ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన పద్ధతిలో కొంతకాలం ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, కొన్ని పప్పులు మానాలి. తెలంగాణ కూరల్లో ఆ మొదటి రెండూ లేనివి ఎన్ని?

గోధుమ పడనివాళ్లకు మాత్రం ఈ నేల మేలు చేసింది. జొన్నలో గ్లూటెన్ లేదు. జొన్న గట్క, జొన్న రొట్టె, బియ్యప్పిండితో చేసే సర్వపిండి, సకినాలు తరతరాల తిండి. హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి జనగామ మీదుగానే పోతుంది. ఆ దారిలో ఆగినవాళ్లు పుల్కాకు బదులు జొన్న రొట్టె దొరుకుతుందా అని అడగొచ్చు. అడిగేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. రొట్టె కాల్చే పెనం మీద చపాతీలు కూడా కాలుస్తున్నారేమో చూడాలి. సాంబారులో, పులిహోరలో వేసే బజారు ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండి కలుపుతారు. ‘అన్నా, ఇంగువ లేని పప్పుందా? లేకుంటే అన్నం, నెయ్యి, ఉప్పు పెట్టు’ అని చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు.