లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, తీసేయడం ఎలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు ఇళ్లలో, దుకాణాల్లో చాలానే ఉన్నాయి. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల బిల్లులు కొట్టే సిస్టమైనా, పిల్లలు చదువుకునే ల్యాప్‌టాపైనా అప్పుడే పారేయనక్కర్లేదు. ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో సాఫ్ట్‌వేర్‌ను కమాండ్‌తో ఎక్కించడం నేర్చుకుంటే సగం పని వచ్చినట్టే.

ప్యాకేజీ అంటే ఏమిటి?

ఒక ప్రోగ్రాముకు సంబంధించిన ఫైళ్లు, దానికి ఇంకా ఏమేం కావాలో చెప్పే జాబితా కలిపి కట్టిన మూటే ప్యాకేజీ. లారీ ఇంజన్ హెడ్ విప్పిన మెకానిక్ కొత్త గ్యాస్కెట్ లేకుండా తిరిగి బిగించడు. అలాగే ఒక ప్యాకేజీకి తోడుగా ఇంకొన్ని కావాలి. వీటిని డిపెండెన్సీలు అంటారు. వాటిని వెతికి తెచ్చే పని ‘ఆప్ట్’ది. ఇది 1999లో డెబియన్ 2.1తో వచ్చింది. ప్యాకేజీల జాబితాకు ఉన్న డిజిటల్ సంతకాన్ని కూడా ఇది సరిచూస్తుంది.

ఎక్కించే పద్ధతి

ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టి కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. కమాండ్లను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైపు చేయాలి.

1. సుడో ఆప్ట్ అప్‌డేట్: ఇది జాబితాను మాత్రమే తాజా చేస్తుంది. ఉన్న సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ కావాలంటే ‘అప్‌గ్రేడ్’ వేరుగా కొట్టాలి.
2. ఆప్ట్ సెర్చ్: పేరు తెలియనప్పుడు వెతకడానికి.
3. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్: దీని పక్కన ప్యాకేజీ పేరు రాయాలి. ‘ఫాంట్స్-టెలు’, ‘ఫాంట్స్-నఫీస్’ అని రెండూ రాస్తే తెలుగు, ఉర్దూ ఫాంట్లు ఒకేసారి ఎక్కుతాయి.

పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెరమీద ఏమీ కనిపించకపోవచ్చు. కీబోర్డు చెడిపోయిందని కంగారు పడొద్దు.

తీసేసేటప్పుడు

‘రిమూవ్’ ప్రోగ్రామును తీసేసి సెట్టింగులు ఉంచుతుంది. ‘పర్జ్’ సిస్టమ్ సెట్టింగులను కూడా తీసేస్తుంది. ఇంట్లోవాళ్ల ఫొటోలు, ఫైళ్ల జోలికి రెండూ పోవు. ఎవరికీ అక్కరలేక మిగిలిపోయిన తోడు ప్యాకేజీలను ‘ఆటోరిమూవ్’ ఊడ్చేస్తుంది.

జాబితా చదివాకే ‘వై’

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 2021లో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ ఎక్కించబోయాడు. ప్యాకేజీలో ఉన్న లోపం వల్ల డెస్క్‌టాప్ మొత్తం తొలగిపోతుందని తెరమీద హెచ్చరిక వచ్చింది. అయినా ముందుకు వెళ్లాడు. డెస్క్‌టాప్ పోయింది, ఉత్త నల్ల తెర మిగిలింది.

అందుకే తొలగిపోయే వాటి జాబితా పూర్తిగా చదవాలి. అడగనివి అందులో కనిపిస్తే ‘ఎన్’ కొట్టి ఆగిపోవాలి. కమాండ్‌కు ‘మైనస్ ఎస్’ చేర్చితే ఏదీ మారకుండా, ఏం జరగబోతోందో ముందే చూపిస్తుంది. ‘మైనస్ వై’ చేర్చితే అడగకుండానే పని కానిచ్చేస్తుంది కాబట్టి కొత్తవాళ్లు దాని జోలికి పోకూడదు.

‘సుడో’ అంటే ఇంటి తాళాల గుత్తి చేతికిచ్చినట్టే. వాట్సాప్‌లో ఎవరో పంపిన సుడో కమాండ్‌ను అర్థం తెలియకుండా అతికించొద్దు.

ఫెడోరాలో ఇదే పనికి ‘డీఎన్ఎఫ్’, విండోస్‌లో ‘విన్‌గెట్’ ఉన్నాయి. పేర్లు వేరైనా జాగ్రత్త ఒకటే.